కుమ్మరింటి కవయిత్రి ఆతుకూరి మొల్ల

ఆంధ్ర వాఙ్మయమున ప్రాచీన కవయిత్రుల పేర్లు లెక్కింపబూనినచో ఒక చేతి వ్రేళ్ళే దాదాపు చాలును. మొదట వినవచ్చునది తాళ్ళపాక తిమ్మక్క పేరు. ఆమె సుభద్రా కల్యాణమును రచించినది. ఆ వెనుక వినవచ్చునది ఆతుకూరి మొల్ల పేరు. తిమ్మక్కది కడప మండలము. మొల్లదియు నదియే యని పలువురి మతము. తిమ్మక్క అన్నమాచార్యుని ఇల్లాలు. ఆ వంశమున కొడుకులును మనుమలును కవులే. పాటయు పద్యమును ఆ యింట పీల్చు గాలివంటివి. మొల్లకు అట్టి ఆసరా యేదియు లేదు. లోకము ఆమెను కుమ్మరి మొల్ల అని పిలిచినది. అయిదు వందల యేండ్లు గడచినను ఆ పిలుపు మారలేదు.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికలో ఎవరి జీవితమును గూర్చి వ్రాయవలెనని యోచించినపుడు మొల్ల పేరు స్ఫురించుటకు కారణము కలదు. మన బైరెడ్డిపల్లె తెలుగు, కన్నడము, తమిళము మూడును చెవిని బడెడి ఎల్లసీమ. పొరుగుననే యున్న పలమనేరు మట్టిపనికి పేరొందినది. ఆ ప్రాంతపు కుమ్మరుల చేతులలో రూపొందిన మట్టి పాత్రలును బొమ్మలును నేడు దూరపు పట్టణములకు సైతము పోవుచున్నవి. మట్టిని నమ్ముకొన్న ఇండ్లు మనకు క్రొత్త కాదు. అట్టి యింటి ఆడబిడ్డ యొకతె రామాయణమును రచించి తెలుగు కవుల సరసన కూర్చున్నదన్న మాట మాత్రము మన పిల్లలలో ఎందరికి తెలియునో చెప్పలేము. తెలిసినవారికి సైతము ఆమె పేరు తెలియును, పద్యమొకటి తెలియును. ఆమె పుట్టినదని చెప్పెడి యింటిలో దినదినము జరిగెడి పని యెట్టిదో తెలియదు. ఆ రెంటిని కలిపి చూపుటయే ఈ వ్యాసమునందలి ప్రయత్నము.

మొల్ల తన్ను గూర్చి తాను చెప్పుకొన్నది మిక్కిలి స్వల్పము. తండ్రి ఆతుకూరి కేసన. అతడు గురువులను, లింగమును, జంగములను అర్చించు శివభక్తుడు, బంధువుల మేలుకోరువాడు. తనకు కవిత్వము గోపవరము నందలి శ్రీకంఠ మల్లేశ్వరుని వరము వలననే అబ్బినదని ఆమె విన్నవించుకొన్నది. ఆ గోపవరము కడప మండలమున బద్వేలునకు చేరువ నున్న గోపవరమే యని అనేకుల నమ్మకము. నెల్లూరు సీమలోనిదని కొందరందురు. మొల్ల యనగా మల్లెజాతి పువ్వు. శ్రీశైల మల్లికార్జునుని భక్తుడైన తండ్రి స్వామికి ప్రియమైన పువ్వు పేరు బిడ్డకు పెట్టుకొనెనని పెద్దలు చెప్పుదురు. తల్లిని గూర్చియు, పెండ్లిని గూర్చియు, పుట్టిన యేటిని గూర్చియు ఆమె ఒక్క మాటయు వ్రాయలేదు.

కాలనిర్ణయమున పండితులు చాలదూరము వాదులాడిరి. ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రమును బట్టి కొందరు ఆమెను కాకతీయుల నాటికి జరిపిరి. అది పొసగునట్టిది కాదు. ఆమె తన కావ్యారంభమున పూర్వకవులను స్తుతించుచు శ్రీనాథుని సైతము స్మరించినది. కావున ఆయనకు తరువాతిది. శ్రీకృష్ణదేవరాయల పాలనము 1509 మొదలు 1529 వరకు సాగినది. ఆ కాలమునకు కొంచెము ముందుగానో, ఆ కాలముననో మొల్ల జీవించినదనుట సమంజసము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదలుకొని ఆరుద్ర వరకు సాహిత్య చరిత్రకారులు ఆమెను గూర్చి చర్చించుచునే యుండిరి.

ఇక కుమ్మరి యను మాట. ఆమె తన కావ్యములో తండ్రి పేరు చెప్పుకొన్నది, దేవుని పేరు చెప్పుకొన్నది. కులము పేరు చెప్పుకొనలేదు. అది లోకము చెప్పినది. తరతరములుగా తెలుగునాటి కుమ్మరులు ఆమెను తమ యింటి ఆడపడుచుగా తలచిరి, తలచుచున్నారు. ఈ సంప్రదాయము ఇంత బలముగా, ఇంత దీర్ఘముగా నిలిచియున్నపుడు దానిని త్రోసిపుచ్చుటకు గట్టి కారణము కావలెను. అట్టిది నాకు కానరాదు.

విజయనగర కాలమున గ్రామమునకు పన్నిద్దరు ఆయగాండ్రుండిరి. కరణము, రెడ్డి, వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి మొదలైనవారితో పాటు కుమ్మరియు అందొకడు. ఊరివారికి కావలసిన పాత్రలన్నియు అతడు చేసి యీయవలెను. అందుకు ప్రతిఫలముగా అతనికి మాన్యపు నేల కొంత యుండును. పంట నూర్చినపుడు కళ్ళములో మేర కొలుతురు. వంటకు కుండ, నీటికి కడవ, కూరకు చట్టి, మూతకు మూకుడు, ధాన్యమునకు కాగు, పశువులకు కుడితి బాన, దేవునికి ప్రమిద. సంక్రాంతి పొంగలికి క్రొత్త కుండ. పెండ్లికి అరివేణి కుండలు. వానిని మేళతాళములతో కుమ్మరి యింటినుండియే తేవలెను. తుదకు శ్మశానమున పగులగొట్టు కుండయు అతని చేతిదే. పుట్టుక మొదలు కాటి వరకు అతడు లేక ఊరు నడువదు. అయినను ఊరి పెద్దల వరుసలో అతనికి పీట వేయరు. కుమ్మరికొక యేడు, గుదియకొక పెట్టు అను సామెతలో ఆ కష్టమంతయు నిమిడియున్నది. యేడాది పాటు కూడబెట్టిన చాకిరి ఒక్క దెబ్బతో నేలపాలగును.

ఈ పని ఎట్లు జరుగునో యొకమారు చూతము. వేసవిలో చెరువు ఎండినపుడు అడుగున నిలిచిన బంకమన్నును త్రవ్వి తెత్తురు. అన్ని చెరువుల మన్నును పనికిరాదు. మిక్కిలి జిగురైనచో ఎండునపుడు బీటలు వారును. ఇసుక హెచ్చైనచో సారెపై నిలువదు. అందువలన రెండు మూడు తావుల మన్ను కలుపుట, సన్నని ఇసుకయో బూడిదయో చేర్చుట కలదు. ఆ మన్నును ఎండబెట్టి, పొడిచేసి, రాళ్ళును వేళ్ళును ఏరి, నీటిలో నానవేసి, కాళ్ళతో గంటల కొలది త్రొక్కుదురు. ముద్దలో నొక చిన్న సున్నపురాయి మిగిలినను చాలును. కాలిన కొన్ని దినములకు అది తేమ పీల్చి ఉబ్బి కుండ ప్రక్కను పెళ్ళగించును. ఈ ఏరుట, త్రొక్కుట, పిసుకుట యనునవి చూచువారికి పనిగానే తోపవు. కాని కుండ మంచిచెడ్డలు సారె యెక్కక మునుపే సగము తేలిపోవును.

సారె యనునది బరువైన చక్రము. నేలలో పాతిన మొన మీద నది తిరుగును. కఱ్ఱతో గట్టిగా త్రిప్పి వదలినచో కొంతసేపు తనంత తాను తిరుగుచుండును. ఆ కొద్దిసేపటిలోనే పని ముగియవలెను. ముద్దను నడిమధ్యమున నిలుపుట మొదటి విద్య. అది వెంట్రుక వాసి తప్పినను గోడ యొక ప్రక్క మందముగను వేరొక ప్రక్క పలుచగను వచ్చును. బొటనవ్రేలు లోపలికి దింపి, రెండు చేతుల నడుమ మన్నును పైకి లేపి, మూతి త్రిప్పి, దారముతో కోసి దింపుదురు. అయితే సారె దిగిన కుండ ఇంకను కుండ కాదు. గోడ దళసరిగా నుండును, అడుగు సరిగా మూయబడదు. కొంచెము ఆరిన పిమ్మట లోపల గుండ్రాయి యానించి వెలుపల చెక్కపలకతో మెల్లమెల్లగా కొట్టుచు గోడను పలుచన చేసి, అడుగును గుండ్రముగా మూయుదురు. మన వంటకుండకు ఆ గుండ్రని అడుగు వచ్చుట ఇందువలననే. మూడు రాళ్ళ పొయ్యిపై మంట నలువైపుల సమముగా తగులుటకు ఆ రూపమే తగినది. పిమ్మట నీడను ఆరబెట్టి, జేగురు కలిపిన ఎర్రమట్టి నీటిని పూసి, నున్నని రాతితో మెరుగు పెట్టుదురు.

కడపటిది ఆవము. కట్టెలు, పిడకలు, వరిగడ్డి వేసి, వాని నడుమ కుండలను పేర్చి, పైన పెంకులును మట్టియు కప్పి నిప్పు పెట్టుదురు. మొదట సన్నని సెగ. లోపల తేమ యుండగా మంట హెచ్చినచో నీరు ఆవిరియై కుండను చీల్చుకొని వచ్చును. దాదాపు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగులు నాటికి మన్నులో అంతర్లీనముగా నున్న నీరు సైతము వీడిపోవును. ఆ పిమ్మట అది మరల మన్ను కాదు. ఎన్నాళ్ళు నానవేసినను కరగదు. గాలి చక్కగా ఆడినచో మన్నులోని ఇనుము ఎర్రబారి కుండ ఎర్రగా దిగును. పొగను లోపలనే బిగించినచో నల్లగా దిగును. మన పూర్వులు రెండు విధములును ఎరుగుదురు. కడప మండలములోని శంఖవరమున బయలుపడిన ప్రాచీన సమాధిలో కాళ్ళును జంతురూపమును గల పెద్ద మట్టి శవపేటిక దొరకినది. దానిని కాల్చిన చేతులు క్రీస్తు శకమునకు పూర్వపువి. మొల్ల పుట్టునప్పటికే ఆ సీమలో మట్టి విద్యకు వేల యేండ్ల చరిత్ర కలదు.

ఇందు స్త్రీల పాలెంత యను ప్రశ్న ముఖ్యమైనది. మన కుమ్మరుల ఇండ్లలో సారె మగవానిదే. ఆడుది దాని ముందు కూర్చుండుట ఆచారము కాదు. మన్ను మోయుట, ఏరుట, త్రొక్కుట, ఎండకు నీడకు మార్చుట, పూత పూయుట, ఆవము పేర్చుటలో అందించుట, కాలిన వానిని తట్టకెత్తుకొని ఊరూర తిరిగి అమ్ముట యివన్నియు ఆమెవి. కుండ కొన వచ్చినవాడు వ్రేలి ముడితో తట్టి చూచును. ఖంగున మ్రోగినచో కొనును. బొంగురు పలికినచో ప్రక్కకు పెట్టును. పేరు సారె త్రిప్పినవానిది, మాట పడుట అమ్మెడి దానిది. మొల్ల కుమ్మరి యింటి బిడ్డయే యైనచో ఆమె చేతులకు సారెకంటె మన్నే హెచ్చుగా తెలిసియుండవలెను. చిత్రకారులు ఆమె చేతికి తాటాకును గంటమును ఇచ్చిరి. తగినదే. కాని ఆ చేతి గోళ్ళ సందులలో ఎండిన మన్ను కూడ నుండియుండునని తలచుట నాకు ఇష్టము.

అట్టి యింట ఆమెకు చదువెట్లు వచ్చెనో చరిత్ర చెప్పదు. తండ్రి జంగములను పూజించువాడు. ఊరూర తిరుగు జంగములు శివకథలు చెప్పుదురు, పద్యములు పాడుదురు; శివాలయపు మండపమున పురాణము సాగుచుండును. వినికిడి వలన సంపాదించిన విద్య ఆనాడు స్వల్పమైనది కాదు. తన కావ్యారంభమున మొల్ల చెప్పుకొన్న మాట యొకటి ప్రసిద్ధము. దేశ్యపదముల తీరులు గాని, వ్యాకరణము గాని, సమాసముల సంగతి గాని, ఛందస్సు గాని, అలంకారములు గాని, నిఘంటువులు గాని తాను నేర్వలేదనియు, స్వామి కృప వలన కవిత్వము చెప్పుచున్నాననియు ఆమె విన్నవించుకొన్నది. ఈ మాటలను పట్టుకొని ఆమె చదువు రాని పల్లెపడుచని తీర్మానించినవారున్నారు. అది తొందరపాటు. ఆమె కందములు చక్కగా నడచును, సీసములు చక్కగా నడచును, యతి ప్రాసలు తప్పవు. యుద్ధఘట్టములలో సంస్కృత సమాసములు ధారాళముగా దొరలును. ఏమియు రాదని అంత వివరముగా పట్టికవేసి చెప్పినది, ఆ పట్టికలోని ప్రతి యంశమును ఎరిగియే చెప్పినది. అది వినయము. దానిలో కొంచెము చమత్కారమును కలదు. రాదన్న విద్య నెల్ల పద్యములోనే ప్రదర్శించిన పిమ్మట పండితుడు ఆమెను ఏమని ఆక్షేపింపగలడు?

కవిత్వమెట్లుండవలెనో కూడ ఆమె తేటగా చెప్పినది. తేనె నాలుకకు సోకగానే తీపి తెలిసినట్లు చదివినంతనే అర్థము తెలియవలెనని ఆమె కోరిక. ఎవరికి తెలియని పదములు పేర్చినచో అది మాట రానివానికిని వినికిడి లేనివానికిని నడుమ జరుగు సంభాషణము వంటిదని ఎగతాళి చేసినది. పదునాలుగు పదునైదు శతాబ్దముల నాటి పండితకవుల ధోరణి యెరిగినవారికి ఈ మాటలోని ధైర్యము తెలియగలదు. అప్పటికి తెలుగు కవిత్వము శ్రీనాథుని ప్రౌఢిమను చూచియున్నది. ఆ మహాకవికి నమస్కరించియు ఆ దారిని ఆమె నడువలేదు. వాడకమునకు అక్కరకు రాని పాత్ర యెంత అందమైనదైనను ఊరిలో దానికి గిరాకి లేదని కుమ్మరింట పుట్టినవారికి వేరుగా చెప్పనక్కరలేదు గదా!

ఇంకొక ప్రశ్నను ఆమె తానే వేసికొని తానే బదులు చెప్పినది. రామకథను పూర్వకవులు ఎందరో చెప్పియుండగా మరల చెప్పుట యేల? ఆ సంగతి తాను ఎరుగకపోలేదనియు, ఇహమునకు పరమునకు మూలమైన ఆ దైవమును కొనియాడుటలో తప్పులేదనియు ఆమె సమాధానము. భక్తుల నోట ఇట్టి మాట సహజమే. అయినను నాకు ఇందు మరియొకటి తోచుచున్నది. కుండ రూపమును కుమ్మరి క్రొత్తగా కల్పింపడు. తాత చేసినదే తండ్రి చేసెను, తండ్రి చేసినదే కొడుకు చేయును. కుండ పగులును, పగిలిన చోట అట్టిదే మరియొకటి కావలెను. ఇదివరకే లోకమున ఇన్ని కుండలుండగా నీవు మరల చేయుట యేల యని ఎవరును అతనిని అడుగరు. ఈనాటి వంటకు ఈనాటి కుండ కావలెను. మొల్ల రామాయణము అట్టిది. భాస్కర రామాయణము ఉన్నది, రంగనాథ రామాయణము ఉన్నది. అవి యుండగనే సామాన్యుని నోట నిలుచు చిన్న రామాయణ మొకటి అవసరమైనది. ఆమె చేసి యిచ్చినది.

గ్రంథము నిజముగనే చిన్నది. ఆరు కాండములలో పద్యములును వచనములును కలిసి సుమారు 870. ఉత్తరకాండమును ఆమె ముట్టలేదు. వాల్మీకి పెంచినచోట ఆమె త్రుంచినది. కిష్కింధాకాండము మరీ సంక్షిప్తము. సుందరకాండమున మాత్రము తీరికగా నిలిచినది. యుద్ధకాండమున మూడు ఆశ్వాసములు పట్టినది. శివధనుర్భంగ సమయమున లక్ష్మణుడు భూమిని, దానిని మోయు శేషుని, కూర్మమును కదలక గట్టిగా నిలువుడని హెచ్చరించు పద్యమును హరికథకులు నేటికిని ఉత్సాహముతో పాడుదురు. గుహుని ఘట్టము తెలియని బడిపిల్లలు అరుదు. రాముని పాదధూళి సోకి రాయి ఆడుదియైనది. నా పడవకు ఏమి యగునో యని పడవవాడు శంకించి ముందుగా కాళ్ళు కడుగుటకు పూనుకొనును. పొట్టకూటికి ఆధారమైన పనిముట్టు పోవునేమో యను భయమును భక్తితో ముడివేసిన ఈ కల్పనను, పనిముట్టుతో బ్రతుకు వారి యింట పుట్టినది గనుకనే అంత సహజముగా చెప్పగలిగినదని నేననుకొందును. అశోకవనమున హనుమంతుడు సీతతో మాటలాడు పద్యము మరియొకటి. పరిచయములు పొగడ్తలు ముందు పెట్టక, రాముడు కుశలముగా నున్నాడన్న కబురునే మొట్టమొదట చెప్పించినది. ఎదురుచూచు వారికి ముందు కావలసినది ఏదో ఆమెకు తెలియును.

తండ్రి వీరశైవాచార పరుడు. కూతురు వ్రాసినది రామకథ. ఈ రెంటికిని ఆమె మనస్సున పోరు లేదు. శివుని వరముతో రాముని కథ చెప్పుచున్నానని నిస్సంకోచముగా పలికినది. శైవవైష్ణవ వివాదములు తీవ్రముగా నున్న కాలమున ఇది గమనింపదగిన విశేషము.

ఆమెను గూర్చిన కథలు పెక్కు. అయిదు దినములలో రామాయణము ముగించినదనునది యొకటి. రాయల సభలో చదివి వినిపింపగా పండితులు సమ్మతింపలేదనునది మరియొకటి. తెనాలి రామకృష్ణుడు ఆమెను వీధిలో పరిహసింపబోయి భంగపడెననునది మూడవది. వీనిలో దేనికిని ఆధారములేదు. తెనాలివాని కథను చెప్పువారు ఆమె సమయస్ఫూర్తిని మెచ్చుకొనుచు చెప్పుదురు గాని, ఆ కథలోని హాస్యము అంత గౌరవప్రదమైనది కాదు. దానిని విడిచిపెట్టుటయే మేలు. అయితే సభలో ఆమె కావ్యమునకు ఆదరము దొరకలేదన్న కథకు వెనుక ఒక సత్యము పొంచియున్నది. స్త్రీ, అందును కుమ్మరి యింటిది, రామాయణము చెప్పినచో పండిత ప్రపంచము ఎట్లు స్వీకరించియుండునో జనులకు తెలియును. తెలిసిన దానినే వారు కథగా అల్లుకొనిరి.

కాదనరాని సంగతి యొకటి కలదు. ఆమె తన కావ్యమును ఏ రాజునకును అంకితము చేయలేదు. ఆ కాలమున కవికి జీవనాధారము కృతిభర్త. శ్రీనాథుని అంతటివాడు శృంగార నైషధమును మామిడి సింగనామాత్యునకు ఇచ్చెను. కృతి నిచ్చినచో అగ్రహారమో బంగారమో దొరకును. గ్రంథమునకు ప్రతులు లేచును, పేరు ప్రాకును. అవి యన్నియు వదలుకొని మొల్ల తన రామాయణమును రామునికే సమర్పించినది. పోతన చేసిన పనియే యిది. పోతనను లోకము ఇందుకై వేనోళ్ళ కొనియాడును. మొల్ల విషయమున ఈ గుణమును ఎత్తి చూపువారు తక్కువ. మన్ను త్రొక్కి బ్రదుకు సాగించుకొనగల యింటివారికి ఆశ్రయము కొరకు చేయి చాపవలసిన యక్కర లేకపోయెను కాబోలు.

మట్టి పనివారి యిండ్లకును భక్తికిని కవిత్వమునకును గల చుట్టరికము మొల్లతోనే మొదలు కాలేదు, ముగియలేదు. తిరుమల స్వామికి మట్టిపువ్వులు సమర్పించిన కుమ్మరి భక్తుని కథ మన జిల్లాలో వినని వారుండరు. తొండమాన్ చక్రవర్తి సమర్పించిన బంగారు పువ్వులను ప్రక్కకు నెట్టి స్వామి ఆ మట్టిపువ్వులను ధరించెనని పురాణము. నేటికిని తిరుమలలో పెరుగన్నమును మట్టి ఓడులోనే నివేదింతురు. మహారాష్ట్రమున గోరా కుంభారుడున్నాడు. మనకు కూతవేటు దూరముననున్న కన్నడ సీమలో త్రిపదులు చెప్పిన సర్వజ్ఞుని తల్లి కుమ్మరి యింటిదని అచ్చటి ఐతిహ్యము. 2009లో చెన్నపట్టణమున సర్వజ్ఞుని విగ్రహమును, బెంగుళూరున తిరువళ్ళువరు విగ్రహమును నెలకొల్పిరి. మూడు భాషల కూడలియందున్న మనకు ఇట్టి వార్తలు ఇంటివార్తల వంటివి.

మొల్లకును తరువాతి కాలమున మన్ననలు దక్కినవి. 1970లో పద్మనాభము దర్శకత్వమున కథానాయిక మొల్ల యను చలనచిత్రము వచ్చినది. వాణిశ్రీ ఆ పాత్రను ధరించినది. హైదరాబాదు హుస్సేన్ సాగరము గట్టుపై తెలుగు వెలుగుల నడుమ ఆమె విగ్రహము నిలిచినది. 2017లో భారత తపాలాశాఖ మొల్ల పేర ఒక బిళ్ళను, మన మదనపల్లె సీమలోని తరిగొండలో పుట్టిన వెంగమాంబ పేర ఒక బిళ్ళను వెలువరించినది. ఇవన్నియు మొల్ల కవిత్వమునకు జరిగిన గౌరవములు. ఆమె పేరునకు ముందున్న కుమ్మరి మాటకు జరిగినదేమి? అల్యూమినియము పాత్ర వచ్చినది, ఉక్కుపాత్ర వచ్చినది, ప్లాస్టిక్కు బిందె వచ్చినది. కళ్ళములో మేర ఆగిపోయినది. సారె త్రిప్పెడి యింటి పిల్లలు వేరు పనులకు పోయిరి. పోవుట తప్పని అనుటకు ఎవరికి అధికారము కలదు? మిగిలినవారు ప్రమిదలతోను, వేసవి కూజాలతోను, పూలకుండీలతోను కాలము గడుపుచున్నారు. మట్టికుండలో నీరు చల్లబడుటకు కారణము దాని గోడలోని సన్నని రంధ్రముల గుండ తేమ వెలికి వచ్చి ఆవిరియగుటయే. ఆ చల్లదనము ఇంకను కొందరికి కావలెను గనుక ఆ పని ఇంకను కొంత నిలిచియున్నది.

తుదినాళ్ళలో మొల్ల శ్రీశైలము చేరి మల్లికార్జునుని సన్నిధిని తాపసిగా జీవించి అచ్చటనే తనువు చాలించినదని చెప్పుదురు. ఆమె చేతితో వ్రాసిన తాటాకులు ఎన్నడో పొడియై పోయియుండును. తాటాకు ఆయువు మహా అయిన మూడు నాలుగు వందల యేండ్లు. చెదలు, చెమ్మ తగిలినచో అదియు లేదు. రాజుల భాండాగారము ఆమె కావ్యమునకు కాపు లేదు. అయినను ఆకులు శిథిలమైనప్పుడెల్ల పల్లెలలో ఎవరో యొకరు క్రొత్త ఆకులు చదును చేసి, మరల మొదటినుండి గంటముతో చెక్కుకొనిరి. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట అట్టి ప్రతుల నుండియే మొల్ల రామాయణము పుస్తకరూపమున వెలువడినది.